వీసా ఇంటర్వ్యూకి ఏ కాగితం ఎందుకు?

వీసా ఇంటర్వ్యూ తేదీ ఖరారైన రోజు నుంచి ఇంట్లో ఒక ఫైలు లావెక్కడం మొదలవుతుంది. మార్కుల జాబితాలు, ఆస్తి పత్రాలు, పన్ను రసీదులు, పెళ్లి ఫొటోలు, విదేశంలో ఉన్న బంధువు రాసిచ్చిన ఆహ్వాన లేఖ అన్నీ అందులోకి చేరతాయి. ఎవరో ఒకరు తమకు ఫలానా కాగితం అడిగారని చెబుతారు. ఎందుకైనా మంచిదని అదీ పెడతారు. ఇంత చేశాక ఇంటర్వ్యూ చాలామందికి కొద్ది నిమిషాల్లోనే అయిపోతుంది. పాస్‌పోర్టు తప్ప ఏదీ అడగకుండా వీసా ఇచ్చేస్తారు, లేదా ఏదీ చూడకుండానే కుదరదని చెప్పేస్తారు. రెండోది ఎదురైనవాళ్లు "ఒక్క కాగితం కూడా చూడలేదు" అని బాధపడతారు. నెలల తరబడి పోగుచేసుకున్నవాళ్లకు ఆ బాధ ఉండటం సహజమే. అయితే అధికారి ఎందుకు చూడలేదో తెలుసుకుంటే, ఫైల్లో ఏం పెట్టాలో, ఏం తీసేయాలో సగం తేలిపోతుంది.

అధికారి ముందే చదివిన కాగితం

అమెరికా కాన్సులేట్‌నే తీసుకుందాం. అభ్యర్థి కౌంటర్ దగ్గరకు వచ్చేసరికే అధికారి ముందున్న స్క్రీన్ మీద చాలా సంగతులు ఉంటాయి. ఆన్‌లైన్‌లో నింపిన డీఎస్-160 ఫారం, ఫొటో, వేలిముద్రలు, గతంలో పెట్టుకున్న అమెరికా వీసా దరఖాస్తులు, వాటి ఫలితాలు, అప్పటి అధికారులు రాసిపెట్టిన నోట్స్ అన్నీ అక్కడ కనిపిస్తాయి. అంటే మొదటి ప్రశ్న అడగకముందే అభ్యర్థి ఎవరో, ఎందుకు వెళ్తానంటున్నారో, ఖర్చు ఎవరు పెట్టుకుంటారో ఆ ఫారం చెప్పేసింది. ఫారం కన్సల్టెన్సీ వాళ్లు నింపినా అందులోని ప్రతి మాటకూ బాధ్యత అభ్యర్థిదే. చివర్లో ఎలక్ట్రానిక్ సంతకం చేసేది వాళ్లే కదా.

దీని వెనక ఒక చట్టం ఉంది. 1952లో వచ్చిన అమెరికా వలస చట్టంలోని సెక్షన్ 214(బీ) ప్రకారం, చుట్టపుచూపుగానో చదువుకోసమో వెళ్లే వ్యక్తిని మొదట అక్కడే స్థిరపడిపోవాలనుకునే మనిషిగానే భావించాలి. కాదని నిరూపించుకోవలసింది అభ్యర్థే. హెచ్-1బీ, ఎల్ రకం ఉద్యోగ వీసాలకు మాత్రం ఈ షరతు వర్తించదు. చదువు, పర్యటన వీసాలు ఎక్కువగా తిరస్కరణకు గురయ్యేది ఈ సెక్షన్ కిందే. చేతికిచ్చే కాగితంలో కూడా ఆ నంబరే ఉంటుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. నిరూపించుకోవాలంటే రుజువులు చూపించాలి, రుజువులంటే కాగితాలు, కాబట్టి ఎన్ని కాగితాలుంటే అంత మంచిదని అనుకుంటారు. అధికారి ఆలోచించే తీరు వేరు. ఒక్కరోజులో ఎంతోమందితో మాట్లాడే మనిషికి ప్రతి ఫైలూ తిరగేసే తీరిక ఉండదు. పైగా డబ్బు పెడితే ఎలాంటి కాగితమైనా పుట్టించే మనుషులు ప్రతి దేశంలోనూ ఉన్నారని ఆయనకు తెలుసు. అందుకే ముందు మాట వింటారు. ఫారంలో ఉన్నదానికీ నోటితో చెబుతున్నదానికీ పొంతన ఉందా లేదా చూస్తారు. ఏదైనా ఒక చోట అనుమానం మిగిలితే, అది తీర్చే కాగితం కోసం చెయ్యి చాపుతారు. ఆ క్షణంలో కావలసింది ఆ ఒక్క కాగితమే.

కాబట్టి ఫైలు సిద్ధం చేసుకోవడానికి మంచి మార్గం నింపిన ఫారాన్ని ప్రింట్ తీసుకుని పెన్సిల్ పట్టుకుని వరసగా చదవడం. ఉద్యోగం గురించి రాసిన చోట ఆగాలి: దీనికి ఏ కాగితం ఉంది? కంపెనీ ఇచ్చిన లేఖ, ఇటీవలి జీతం స్లిప్పులు. ఆదాయం రాసిన చోట ఆగాలి: ఆదాయపు పన్ను రిటర్నులు ఆ అంకెతో సరిపోతున్నాయా? ప్రయాణ ఖర్చు ఎవరిదని రాశారో, వాళ్ల స్తోమత తెలిపే పత్రం ఏది? ఇలా ముఖ్యమైన ప్రతి మాటకూ వెనక ఒక కాగితం నిలబడితే ఫైలు పూర్తయినట్టే. ఫారంలోని ఏ మాటకూ సంబంధం లేని కాగితాన్ని ఇంట్లో వదిలేసినా నష్టం లేదు. ఈ పని చేస్తుంటే ఇంకో మేలు కూడా జరుగుతుంది. ఫారంలో దొర్లిన తప్పులు ఇంటర్వ్యూకి ముందే బయటపడతాయి. ఉద్యోగంలో చేరిన నెల తప్పు పడిందనుకోండి, కౌంటర్ దగ్గర అధికారి అడిగితే తెలుసుకోవడం కంటే ఇంట్లో కూర్చుని పట్టుకోవడం ఎంతో నయం.

అన్ని దేశాలదీ ఒకే పద్ధతి కాదు

పైన చెప్పింది ఇంటర్వ్యూని నమ్ముకున్న పద్ధతి. యూరప్‌లో ఒకే వీసాతో తిరగగలిగే షెంగెన్ దేశాల తీరు దీనికి దాదాపు తలకిందులు. అక్కడ చాలా దరఖాస్తులు వీసా కేంద్రంలో తీసుకుంటారు, నిర్ణయం కాన్సులేట్‌లో కాగితాలు చూసి జరుగుతుంది. అవసరమనిపిస్తేనే అభ్యర్థిని మాట్లాడటానికి పిలుస్తారు. 2009 నాటి షెంగెన్ వీసా నియమావళి ఏమేం చూపించాలో వివరంగా చెబుతుంది. పాస్‌పోర్టు గత పదేళ్లలోపు ఇచ్చినదై ఉండాలి, తిరుగు ప్రయాణం తర్వాత కనీసం 3 నెలలు చెల్లుబాటు ఉండాలి, కనీసం 2 ఖాళీ పేజీలుండాలి. వైద్య ఖర్చులకు కనీసం 30,000 యూరోల బీమా ఉండాలి, అది షెంగెన్ ప్రాంతమంతటా, ఉండబోయే రోజులన్నిటికీ వర్తించాలి. ఇక బస, రాకపోకలు, డబ్బు, తిరిగి వస్తారనడానికి ఆధారాలు. ఇక్కడ ఒక కాగితం తక్కువైతే దాన్ని మాటతో పూడ్చే అవకాశం చాలాసార్లు దొరకదు.

బ్రిటన్‌లో కూడా నిర్ణయం ప్రధానంగా కాగితాల మీదే. డబ్బు విషయంలో అక్కడి నియమం మరీ కచ్చితం. స్టూడెంట్ వీసాకు చూపించాల్సిన సొమ్ము వరసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి, ఆ గడువు ముగిసిన తేదీ దరఖాస్తుకు 31 రోజుల ముందుకంటే పాతది కాకూడదు. మధ్యలో ఒక్కరోజు నిల్వ తగ్గినా లెక్క చెడుతుంది. తర్వాత రెట్టింపు సొమ్ము వేసినా ప్రయోజనం ఉండదు.

ఈ తేడా తెలియక జరిగే నష్టం ఎంతో ఆహ్వాన లేఖ విషయంలో చక్కగా కనిపిస్తుంది. అమెరికా టూరిస్టు వీసాకు ఆహ్వాన లేఖ గానీ, అక్కడి బంధువు ఇచ్చే ఆర్థిక హామీ పత్రం గానీ అక్కర్లేదని ఆ దేశ విదేశాంగ శాఖే చెబుతుంది. అభ్యర్థికి సొంత దేశంలో ఉన్న ఉద్యోగం, కుటుంబం, బాధ్యతల మీదే నిర్ణయం ఆధారపడుతుందని, అక్కడున్నవాళ్లు ఇచ్చే హామీల మీద కాదని స్పష్టంగా రాసి ఉంది. అయినా చాలా ఫైళ్లలో అన్నిటికంటే పైన ఉండేది ఆ లేఖే! అదే ఫ్రాన్స్‌లో చుట్టాలింట్లో దిగాలంటే వ్యవహారం వేరు. అక్కడి బంధువు తమ ఊరి పురపాలక కార్యాలయానికి వెళ్లి, ఇల్లు, ఆదాయం వివరాలు చూపించి అధికారికంగా ఒక ధ్రువపత్రం తీసుకుని పంపాలి. మామూలు కాగితం మీద ప్రేమగా రాసిన ఉత్తరం దానికి బదులు కాదు. జర్మనీలో ఖర్చు భరిస్తానని బంధువు ఒప్పుకుంటే అక్కడి విదేశీయుల కార్యాలయంలో పత్రం మీద సంతకం చేస్తారు, దానికి చట్టబద్ధమైన బాధ్యత ఉంటుంది. ఒక చోట పనికిరాని కాగితం మరో చోట ప్రాణం. స్నేహితుడికి వేరే దేశం వీసాకు పనికొచ్చిన జాబితాను మక్కీకి మక్కీ పాటించకూడదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

లేకపోతే లోపలికే వెళ్లనివ్వని కాగితాలు

పాస్‌పోర్టు, అపాయింట్‌మెంట్ పత్రం, దరఖాస్తు కన్ఫర్మేషన్ పేజీ, ఫొటో, ఫీజు రసీదు. ఎక్కడికెళ్లినా దాదాపు ఇవే. వీటి గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు గానీ, కొన్ని చిన్న మెలికలున్నాయి.

అమెరికా విషయంలో కన్ఫర్మేషన్ పేజీ మీద బార్‌కోడ్ ఉంటుంది. అపాయింట్‌మెంట్ తీసుకున్నాక ఫారంలో తప్పు కనిపించి కొత్త ఫారం నింపితే కొత్త నంబరు వస్తుంది. అపాయింట్‌మెంట్‌లో పాత నంబరు, చేతిలో కొత్త పేజీ ఉంటే గేటు దగ్గరే చిక్కొస్తుంది. కాబట్టి ఫారం మార్చిన ప్రతిసారీ అపాయింట్‌మెంట్ ఖాతాలో కూడా నంబరు మార్చాలి, అదీ చివరి రోజు వరకూ ఆగకుండా. కన్ఫర్మేషన్ పేజీలో ఫొటో ఉండాల్సిన చోట ఫొటో రాలేదంటే అప్‌లోడ్ కుదరలేదన్నమాట, అప్పుడు ప్రింట్ ఫొటో తప్పనిసరి. ఆ ఫొటో 51 మిల్లీమీటర్ల చతురస్రం, తెల్లటి నేపథ్యం, 6 నెలల్లోపు తీసినది. 2016 నవంబరు నుంచి కళ్లద్దాలతో దిగిన ఫొటో తీసుకోవడం లేదు. షెంగెన్ ఫొటో కొలత వేరు, 35 బై 45 మిల్లీమీటర్లు. ఒకదానికి తీయించిన ఫొటో ఇంకోదానికి పనికిరాదు.

పాత పాస్‌పోర్టులు కూడా వెంట ఉండాలి. వెళ్లి, గడువులోపు తిరిగొచ్చిన ముద్రలు ఉన్న పాత పాస్‌పోర్టు ఆస్తి పత్రాల కట్టకంటే గట్టిగా మాట్లాడుతుంది. "తిరిగి వస్తాను" అని చెప్పడానికి, ఇంతకుముందు తిరిగొచ్చానని చూపడం కంటే మంచి ఆధారం ఏముంటుంది? గతంలో వీసా తిరస్కరిస్తే అప్పుడిచ్చిన కాగితం కూడా దగ్గరుంచుకోవాలి. ఫారంలో ఆ ప్రశ్న ఉంటుంది, దాచిపెట్టడానికి వీల్లేదు, దాచే అవసరమూ లేదు.

అమెరికాకు పిల్లల్ని, 79 ఏళ్లు దాటినవాళ్లని ఇదివరకు సాధారణంగా ఇంటర్వ్యూకి పిలిచేవారు కాదు. 2025 సెప్టెంబరు 2 నుంచి ఆ వెసులుబాటు చాలావరకు పోయింది. ఇప్పుడు పిల్లల్ని తీసుకెళ్లే తల్లిదండ్రుల దగ్గర జనన ధ్రువపత్రం ఉండాలి. తల్లిదండ్రుల్లో ఒక్కరితోనే పిల్లలు ప్రయాణిస్తుంటే రెండోవారి అనుమతి పత్రం చాలా దేశాలు అడుగుతాయి.

వీసా రకాన్ని బట్టి

అమెరికా స్టూడెంట్ వీసా ఫైలుకు గుండెకాయ ఐ-20. విద్యాసంస్థ ఇచ్చిన ఈ పత్రం మీద సంస్థ అధికారి సంతకంతో పాటు విద్యార్థి సంతకం కూడా ఉండాలి. చాలామంది రెండోది మరిచిపోతారు. విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ రికార్డు సెవిస్‌కు ఫీజు కట్టిన రసీదు మీది నంబరు, ఐ-20 మీది నంబరు, డీఎస్-160లో వేసిన నంబరు మూడూ ఒకటే కావాలి. చివరి నిమిషంలో యూనివర్సిటీ మారినవాళ్లకు సరిగ్గా ఇక్కడే తేడా వస్తుంది. కొత్త ఐ-20 చేతిలో ఉంటుంది, ఫారంలో పాత యూనివర్సిటీ పేరు ఉండిపోతుంది.

ఐ-20లో డబ్బు గురించి ఒక భాగం ఉంటుంది. ఒక పక్క చదువు, బస ఖర్చుల అంచనా, ఇంకో పక్క ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో వివరం. సొంత డబ్బు ఇంత, విద్యాసంస్థ ఇచ్చే సాయం ఇంత, మిగతాది ఇంకొకరిది అని విడివిడిగా. బ్యాంకు కాగితాలు ఈ భాగంతో కలిపి చదివితే సరిపోవాలి. ఐ-20లో కుటుంబం డబ్బు అని ఉండి, ఫైల్లో మొత్తానికి మొత్తం విద్యారుణం పత్రమే ఉంటే రెండూ నిజమే కావచ్చు, కానీ మధ్యలో ఏం మారిందో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. వీటితో పాటు ఒరిజినల్ డిగ్రీ, మార్కుల పత్రాలు, పరీక్షల స్కోర్లు.

హెచ్-1బీ లాంటి ఉద్యోగ వీసాలో, ఉద్యోగి కోసం కంపెనీ అక్కడి ప్రభుత్వానికి పెట్టుకున్న పిటిషన్ ఆమోదం అధికారి కంప్యూటర్‌లోనే కనిపిస్తుంది. ఆ ఆమోదం తెలిపే ఐ-797 పత్రం మీది రసీదు నంబరు ముఖ్యం. ఆ పైన కంపెనీ లేఖ, డిగ్రీలు, అనుభవ పత్రాలు, ఇప్పటికే అక్కడ పనిచేస్తున్నవాళ్లయితే జీతం స్లిప్పులు, పన్ను పత్రాలు. పిటిషన్‌లో తన పని గురించి కంపెనీ ఏం రాసిందో చదవకుండా వెళ్లేవాళ్లు ఎంతోమంది. పిటిషన్ కాపీ అడిగి తీసుకుని ఒకసారి చదువుకోవడం ఏ సర్టిఫికెట్ కంటే తక్కువ పని కాదు.

అమెరికాకు శాశ్వత నివాసానికి వెళ్లే కుటుంబ వీసాల దారి పూర్తిగా వేరు. ఇక్కడ కాగితాలే ముందు, మాటలు తర్వాత. జనన, వివాహ ధ్రువపత్రాలు, ఇంతకుముందు పెళ్లి జరిగి ఉంటే విడాకుల లేదా మరణ ధ్రువపత్రం, 16 ఏళ్లు దాటినవాళ్లకు పోలీసు ధ్రువపత్రం, పిటిషన్ వేసిన బంధువు ఇచ్చే ఐ-864 ఆర్థిక హామీ. సాధారణంగా ఆ బంధువు ఆదాయం అమెరికా ప్రభుత్వం ప్రకటించే పేదరిక రేఖకు 125 శాతమైనా ఉండాలి. టూరిస్టు వీసాలో పట్టించుకోని హామీ పత్రం ఇక్కడ చట్టపరమైన ఒప్పందం! కాన్సులేట్ గుర్తించిన డాక్టరు దగ్గరే వైద్య పరీక్ష చేయించుకోవాలి. డాక్టరు సీలు వేసిన కవరు చేతికిస్తే విప్పకుండా అలాగే తీసుకెళ్లాలి. ఏముందో చూద్దామని తెరిస్తే పరీక్ష మళ్లీ చేయించుకోవలసి రావచ్చు.

బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో ఏం చదువుతారు

డబ్బు కాగితాల గురించి కాస్త ఆగి మాట్లాడుకోవాలి. చాలామంది ఆఖరి వరసలోని నిల్వనే చూస్తారు. చూసే కన్ను అలవాటైనవాళ్లు ముందు ఎడమ పక్క తేదీలు, మధ్యలోని జమల వరస చూస్తారు.

ఒక స్టేట్‌మెంట్ ఊహించుకుందాం. ఆర్నెల్ల పాటు ప్రతి నెల మొదటి వారంలో జీతం జమ, అద్దె, బిల్లులు పోను కొద్దికొద్దిగా పెరుగుతున్న నిల్వ. ఐదో నెల దాకా అంతే. ఆరో నెలలో, ఇంటర్వ్యూకి తొమ్మిది రోజుల ముందు, ఒకే రోజు మూడు పెద్ద జమలు. ఒక్కొక్కటి రెండేళ్ల జీతమంత. పంపినవాళ్ల పేర్లు ముగ్గురివీ వేర్వేరు. ఆ మూడు వరసలు చూసిన ఎవరికైనా వచ్చే ప్రశ్న ఒక్కటే: ఈ డబ్బు ఎవరిది, వీసా అయ్యాక ఎవరి దగ్గరకు వెళ్లిపోతుంది? అప్పుడు ఆఖరి వరసలో ఎంత పెద్ద అంకె ఉన్నా అది అభ్యర్థి పక్షాన నిలబడదు. ఎదురు సాక్ష్యమవుతుంది.

నిజంగానే ఇటీవల పెద్ద సొమ్ము చేరి ఉండొచ్చు. స్థలం అమ్మి ఉండొచ్చు, డిపాజిట్ గడువు తీరి ఉండొచ్చు, విద్యారుణం విడుదలై ఉండొచ్చు. అలాంటప్పుడు ఆ జమ పక్కనే దాని కాగితం ఉండాలి. అమ్మకం దస్తావేజు, డిపాజిట్ రసీదు, రుణం మంజూరు లేఖ, ఏదైతే అది. ఖాతాలో జీతం తక్కువగా ఉండి తల్లిదండ్రులు ఖర్చు భరిస్తుంటే, వాళ్ల ఆదాయం తెలిపే పత్రాలు, వాళ్లతో బంధుత్వం తెలిపే పత్రం కలిపి పెట్టాలి. నిల్వ చిన్నదైనా ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిన డబ్బుకే విలువ.

ఆస్తుల విలువ కట్టించి ఇచ్చే సర్టిఫికెట్ల మీద ఇంత ఖర్చు చేయడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఇల్లు, పొలం విలువ ఎంత పెద్దదైనా సెమిస్టరు ఫీజుగా మారడానికి అది అమ్ముడుపోవాలి. కాలేజీకి కట్టగల డబ్బు వేరు, ఆస్తి విలువ వేరు. అధికారికి కావలసింది మొదటిది.

పేర్లు, తేదీలు, అనువాదాలు

పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, డిగ్రీలో ఒక్క పొడి అక్షరం, పెళ్లి ధ్రువపత్రంలో వేరే స్పెల్లింగు. ఇది వీసా ఆగిపోయేంత తప్పు కాకపోవచ్చు గానీ, సమయం తినేస్తుంది, టెన్షన్ పెడుతుంది. దరఖాస్తులో మాత్రం ఎప్పుడూ పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయాలి. పాస్‌పోర్టులో సొంత పేరు (గివెన్ నేమ్) గడి ఖాళీగా ఉండి అంతా ఇంటిపేరు గడిలోనే ఉంటే, డీఎస్-160లో పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని వేయాలన్నది నియమం. మిగతా కాగితాల్లో తేడాలుంటే, అవన్నీ ఒకే మనిషివని తెలిపే ప్రమాణ పత్రం గానీ, పేరు మార్పు గెజిట్ గానీ తోడుంచుకుంటే సరిపోతుంది. తేదీల సంగతి కూడా అంతే. కొన్ని దేశాలు నెలను ముందు రాస్తాయి, కొన్ని రోజును ముందు రాస్తాయి. 04/05 అంటే ఏప్రిలా, మేనా అన్న సందేహం రాకుండా నెల పేరు అక్షరాల్లో ఉన్న పత్రం దొరికితే అదే మేలు.

ప్రాంతీయ భాషలో ఉన్న ధ్రువపత్రానికి అనువాదం కావాలా వద్దా అన్నది దేశాన్ని బట్టి ఉంటుంది. అమెరికా వలస వీసాలో ఇంగ్లిష్‌లో గానీ, దరఖాస్తు చేస్తున్న దేశపు అధికార భాషలో గానీ లేని పత్రాలకు ధ్రువీకరించిన అనువాదం ఉండాలి. బ్రిటన్‌కైతే అనువాదం మీద అనువాదకుడి పేరు, సంతకం, తేదీ, సంప్రదించే వివరాలు కూడా ఉండాలి. ఎప్పుడూ అనువాదంతో పాటు అసలు పత్రం కూడా పట్టుకెళ్లాలి. కొన్ని దేశాలు డిగ్రీలకు, వివాహ పత్రాలకు అపోస్టిల్ ముద్ర కోరతాయి. 1961 నాటి హేగ్ ఒప్పందం ప్రకారం ఒక దేశం తన పత్రం అసలైనదేనని వేసే ముద్ర అది. దానికి రోజులు పడుతుంది కాబట్టి అపాయింట్‌మెంట్ దొరికాక చూద్దామంటే ఆలస్యమవుతుంది.

సృష్టించిన కాగితం

ఇది సూటిగా చెప్పాల్సిన విషయం. లేని ఉద్యోగానికి అనుభవ పత్రం, నాలుగు రోజులకు అద్దెకు తెచ్చిన బ్యాంక్ నిల్వ, ఎవరిదో డిగ్రీ "ఏం కాదు, అందరూ చేస్తున్నారు" అని అంటగట్టేవాళ్లు ఉన్నారు. ఆ మాట చెప్పినవాళ్లు ఫీజు తీసుకుని పక్కకు తప్పుకుంటారు. శిక్ష పడేది సంతకం పెట్టిన మనిషికి. అమెరికా చట్టంలో కావాలని అబద్ధం చెప్పి వీసాకు ప్రయత్నించారని తేలితే జీవితాంతం ఆ దేశానికి అనర్హులు. మినహాయింపులు చాలా పరిమితం. బ్రిటన్‌లో మోసం రుజువైతే పదేళ్ల దాకా నిషేధం. కెనడాలో 5 ఏళ్లు, 2014కు ముందు అది 2 ఏళ్లే. డబ్బు చాలలేదనో, తిరిగొస్తారన్న నమ్మకం కలగలేదనో తిరస్కరిస్తే పరిస్థితులు మారాక మళ్లీ ప్రయత్నించొచ్చు. దొంగ కాగితం మచ్చ అలా పోదు. ఇరవై రెండేళ్ల కుర్రాడో అమ్మాయో వేరొకరి మాట విని ఒక్క కాగితంతో జీవితకాలపు తలుపు మూసుకోవడం ఎంత అన్యాయమో, ఆ కాగితం తయారుచేసేవాళ్లకు పట్టదు. ఇంట్లో పెద్దలకైనా పట్టాలి.

కాగితం రూపంలో లేని రుజువులు కూడా ఇప్పుడు లెక్కలోకి వస్తున్నాయి. 2019 నుంచి డీఎస్-160లో గత 5 ఏళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల వివరాలు అడుగుతున్నారు. 2025 జూన్ నుంచి స్టూడెంట్, ఎక్స్ఛేంజ్ వీసా అభ్యర్థుల్ని ఆ ఖాతాల్ని అందరికీ కనిపించేలా ఉంచమంటున్నారు. ఉద్యోగ వివరాలు పెట్టే ఖాతాలో ఒక కంపెనీ పేరు, ఫారంలో ఇంకో కంపెనీ పేరు ఉంటే అది కూడా పొంతన లేని కాగితంతో సమానమే.

ఫైలు అమరిక, గేటు దగ్గర

అన్నీ సమకూరాక అమర్చడం మిగులుతుంది. పైన పాస్‌పోర్టు, కన్ఫర్మేషన్ పేజీ, అపాయింట్‌మెంట్ పత్రం. తర్వాత వీసా రకానికి కీలకమైన పత్రం. తర్వాత డబ్బు, తర్వాత చదువు లేదా ఉద్యోగం, చివర కుటుంబం. ఒరిజినల్స్ ఒక పక్క, జిరాక్స్‌లు ఒక పక్క. కౌంటర్‌లో అద్దం కింద సన్నని సందులోంచి కాగితాలు అందించాలి. స్పైరల్ బైండింగ్ చేయించిన పుస్తకం ఆ సందులో పట్టదు. ప్లాస్టిక్ కవర్లలో ఒక్కొక్కటీ దూర్చిన ఆల్బమ్ ఫైలు కూడా అంతే, వణికే వేళ్లతో కాగితం బయటికి లాగేలోపు అధికారి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు. రంగు కాగితాలతో విభజించిన మామూలు ఫైలు చాలు. అడగనిదే కాగితం ముందుకు తోయకూడదు, అడిగినప్పుడు అడిగింది ఒక్కటే ఇవ్వాలి.

ఇంట్లో వదిలేయాల్సినవి కూడా ఉన్నాయి. అమెరికా కాన్సులేట్లలో చాలాచోట్ల ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, స్మార్ట్ వాచీలు, పవర్ బ్యాంకులు, పెద్ద సంచులు లోపలికి రానివ్వరు. దాచిపెట్టే చోటు కూడా ఉండదు. అంటే ఫోన్‌లో ఉన్న ఏ పత్రమూ ఆ గంటలో లేనట్టే. బంధువు ఫోన్ నంబరు, బస చిరునామా, కాలేజీ చిరునామా కూడా కాగితం మీద ఉండాలి. విమాన టికెట్టు కొనేసి వెళ్లనక్కర్లేదు. వీసా చేతికొచ్చేదాకా ప్రయాణం ఖాయం చేసుకోవద్దని అమెరికా విదేశాంగ శాఖే చెబుతుంది. షెంగెన్‌కు ప్రయాణ ప్రణాళిక చూపించాలి గానీ దానికి రిజర్వేషన్ చాలు.

ఇంటర్వ్యూ అయ్యాక

కొందరికి వీసా వెంటనే రాదు, పూర్తిగా కాదనీ అనరు. అమెరికా కాన్సులేట్‌లో అయితే వలస చట్టంలోని సెక్షన్ 221(జీ) కింద ఒక కాగితం ఇస్తారు. ఫలానా పత్రం కావాలని గానీ, పరిశీలన ఇంకా మిగిలి ఉందని గానీ అందులో ఉంటుంది. సాంకేతికంగా అది తిరస్కరణే అయినా, అడిగిన పత్రం ఇస్తే అదే దరఖాస్తు మీద ముందుకు నడుస్తుంది. ఏడాదిలోపు ఇవ్వకపోతే మళ్లీ ఫీజు కట్టి మొదటి నుంచి రావాలి. ఆ కాగితంలో టిక్ పెట్టిన అంశాలే ఇవ్వాలి, పంపినదాని నకలు ఉంచుకోవాలి. షెంగెన్ తిరస్కరణలో కారణం ఏ గడిలో ఉందో గుర్తు పెట్టిన ఫారం ఇస్తారు, దాని మీద అప్పీలు చేసుకునే హక్కు ఉంటుంది. అందులో గుర్తు పెట్టిన గడి చూస్తే ఫైల్లో ఏ భాగం బలహీనంగా ఉందో తెలుస్తుంది.

వీసా ముద్రించి పాస్‌పోర్టు తిరిగొచ్చిన రోజు సంతోషంలో మరిచిపోకుండా ఆ స్టిక్కరు ఒకసారి చదవాలి. పేరు అక్షరాలు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు, వీసా రకం, ఎన్నిసార్లు వెళ్లొచ్చు, ఎప్పటిదాకా. తప్పుంటే ప్రయాణానికి ముందే కాన్సులేట్‌కు చెప్పి సరిచేయించుకోవాలి. అమెరికా వీసా ఆ దేశపు సరిహద్దు దాకా వెళ్లి అనుమతి అడగడానికే, లోపలికి రానివ్వడం అక్కడి అధికారి నిర్ణయం. ఆయన కూడా ఐ-20, డబ్బు పత్రాలు, బస చిరునామా అడగొచ్చు. అందుకే కాన్సులేట్‌కు పట్టుకెళ్లిన ముఖ్యమైన కాగితాలు చెక్-ఇన్ చేసే పెద్ద పెట్టెలో కాకుండా చేతి సంచీలో ఉండాలి.